అమ్మబోతే అడవి కాకూడదంటే

(సంఘ సర్వసభ్య సమావేశంలో, రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసిన సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ గురించి, కరువు భత్యం గురించి, ఆరోగ్య కార్డుల గురించి మాట్లాడగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం ఇంటి అమ్మకం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. కారణం మీకు తెలుసు. మనలో చాలామంది సర్వీసులో ఉండగా ప్రభుత్వ ఋణంతోనో, ఉద్యోగుల గృహనిర్మాణ సంఘాల ద్వారా వచ్చిన స్థలంలోనో ఇల్లు కట్టుకున్నవారమే. పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో స్థిరపడ్డారు. మోకాళ్ళు మేడ మెట్లు ఎక్కనివ్వడం లేదు. ఇల్లు అమ్మేద్దామని ఏజెంటుకు చెబుతాం. ఏడాది గడుస్తుంది. మొదటి రెండు నెలలు పదిమంది వచ్చి చూసిపోతారు. తరువాత గేటు తీసేవాడుండడు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని పెద్దలు ఊరికే అనలేదు.

కొనేవారు రాకపోతే మనం మొదట ఏజెంటును తిట్టుకుంటాం, తరువాత గ్రహాలను. నిజానికి కారణాలు సాధారణంగా నాలుగైదే ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది ధర. మన విజయవాడ వారికి ఇది మరీ పెద్ద చిక్కు. 2014లో రాష్ట్ర విభజన జరిగి, రాజధాని ఈ ప్రాంతంలోనే అని ప్రకటన వచ్చాక చుట్టుపక్కల స్థలాల ధరలు ఎలా పరుగెత్తాయో అందరం చూశాం. 2019 చివర మూడు రాజధానుల మాట వచ్చాక అవే ధరలు ఎలా చతికిలపడ్డాయో కూడా చూశాం. 2024 తరువాత మళ్ళీ కదలిక వచ్చింది. అయితే మన మనసులో మాత్రం ఎవరో, ఎప్పుడో, జోరుమీదున్న రోజుల్లో చెప్పిన పెద్ద అంకె ఒకటి గట్టిగా నిలిచిపోయింది. ఆ రోజున ఆ ధరకు డబ్బు తీసుకుని ఎవరూ రాలేదు, నోటిమాటగా అన్నారంతే. నోటిమాట ధర కాదు. మీ వీధిలో గడచిన ఆరు నెలల్లో నిజంగా చేతులు మారిన ఇల్లు ఎంతకు పోయిందన్నదే ధర.

ఇంకొక సంగతి. మనం కట్టిన ఇంటిని మనం చూసే చూపు వేరు, కొనేవాడు చూసే చూపు వేరు. ముప్ఫై అయిదేళ్ళ డాబా ఇంటికి అతడు కట్టే విలువ స్వల్పం. అతడు చూసేది స్థలం, రోడ్డు వెడల్పు, కారు పెట్టుకునే చోటు. మనం దగ్గరుండి నీళ్ళు కొట్టించిన గోడలు, ఏరి కోరి వేయించిన మొజాయిక్ గచ్చు అతడి లెక్కలోకి రావు. ఇది కష్టంగా ఉన్నా ఒప్పుకోవలసిన మాట.

రెండవది, కొనేవాడి డబ్బు ఎక్కడినుండి వస్తుందో మనం ఆలోచించకపోవడం. ఈ రోజుల్లో ఎక్కువమంది బ్యాంకు అప్పుతోనే కొంటారు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షల లోపు గృహ ఋణమైతే ఇంటి విలువలో 90 శాతం వరకు, 75 లక్షల లోపైతే 80 శాతం వరకు, ఆ పైనైతే 75 శాతం వరకు మాత్రమే బ్యాంకు ఇవ్వగలదు. ఆ విలువ మనం చెప్పే ధర కాదు, బ్యాంకు మదింపుదారు కట్టే విలువ. ఒక ఉదాహరణ చూడండి. మనం కోటి రూపాయలు అడిగాం. మదింపుదారు కూడా కోటి అంటే బ్యాంకు 75 లక్షలిస్తుంది. కొనేవాడు 25 లక్షలు, స్టాంపులు రిజిస్ట్రేషన్ కలిపి మరో ఏడున్నర లక్షలు, వెరసి ముప్ఫై రెండున్నర లక్షలు చేతినుండి తెచ్చుకోవాలి. మదింపుదారు 80 లక్షలే అన్నాడనుకోండి. అప్పు 64 లక్షలకు దిగుతుంది. చేతి డబ్బు నలభై మూడున్నర లక్షలు కావాలి. ఆ పదకొండు లక్షలు దొరకక అతడు వెళ్ళిపోతాడు. పోతూ పోతూ “ఈశాన్యం బాగాలేదండీ” అంటాడు. మనం వాస్తు సిద్ధాంతిని పిలిపించి గోడ కొట్టిస్తాం. అసలు కారణం ఈశాన్యంలో లేదు, బ్యాంకులో ఉంది.

మూడవది కాగితాలు. నా సర్వీసంతా వీటి మధ్యే గడిచింది కనుక కాస్త ఎక్కువ చెబుతాను. బేరం కుదిరాక కాగితాలు వెతుక్కోవడం మన అలవాటు. అది తలకిందుల పద్ధతి. అమ్మకానికి చెప్పకముందే ఒక ఫైలు కట్టి పెట్టండి. అసలు దస్తావేజు, లింకు దస్తావేజులు, మంజూరైన ప్లాను, ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లు, గృహ ఋణం తీరిపోయినట్లు శాఖ ఇచ్చిన పత్రం అందులో ఉండాలి. ఇ.సి. ఇప్పుడు 1983 నుండి నమోదైన లావాదేవీలకు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోనే దొరుకుతుంది. మీరే ఒకసారి తీసి చూసుకోండి. ఎప్పుడో తీర్చేసిన అప్పు తాలూకు తనఖా ఇంకా అందులో కనబడుతూ ఉంటుంది. తనఖా రద్దు పత్రం రిజిస్టరు చేయించకపోవడమే కారణం. కొనేవాడి లాయరు మొదట పట్టుకునేది దాన్నే.

పిత్రార్జితమైతే ఆడపిల్లల సంతకాల ప్రశ్న వస్తుంది. మన రాష్ట్రం కేంద్రం కన్నా ముందే, 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించేటట్లు, అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. 2005లో కేంద్ర సవరణ వచ్చింది. కాబట్టి “మా చెల్లెలు ఏమీ అనదు లెండి” అన్న మాట లాయరుకు చాలదు. అనకపోతే సంతకం చేయమంటాడు. అక్కచెల్లెళ్ళతో ముందుగానే కూర్చుని మాట్లాడుకోవడం మర్యాద, క్షేమం కూడా.

ఇంట్లో వాటాదారు ఒకరు విదేశంలో ఉంటే మరికొంత పని ఉంది. అక్కడ వ్రాసి పంపిన పవర్ ఆఫ్ అటార్నీకి, మన దేశం చేరిన మూడు నెలల లోపల ఇక్కడ స్టాంపు వేయించాలి. పైగా ప్రవాస వాటాదారుకు చెల్లించేటప్పుడు కొనేవాడు ఎక్కువ ఆదాయపు పన్ను మినహాయించాలి. ఈ తతంగానికి భయపడి తప్పుకునేవారున్నారు. ఆడిటరుతో ముందే మాట్లాడి ఉంచితే కొనేవాడికి ధైర్యం వస్తుంది.

నాలుగవది ఏజెంటు. ఏజెంట్లందరూ చెడ్డవారని నేననను. ఎండలో తిరిగి, పదిమందిని తెచ్చి, ఒక్క బేరం కుదిర్చి బ్రతికేవారు వారు. అయితే మనం వారికి పని అప్పగించే తీరులోనే లోపముంది. “నా చేతికి ఇంత రావాలి, పైన ఎంత వచ్చినా నీదే” అంటాం. అతడు పైన పది లక్షలు వేసి చెబుతాడు. ఇల్లు పోదు. మనకు మాత్రం మన ధర న్యాయమైనదేనని, కొనేవారే లేరని అనిపిస్తుంది. లేదా నలుగురు ఏజెంట్లకు చెబుతాం. ఒకే ఇంటికి ఊళ్ళో నాలుగు ధరలు తిరుగుతాయి. విన్నవాడికి అనుమానం రాదా?

ఇంకొక సూక్ష్మం ఉంది. ధర ఎక్కువ చెప్పిన ఇంటిని కొందరు ఏజెంట్లు వదులుకోరు, అలాగని అమ్మరు. ఆ ఇంటిని మొదట చూపించి, తరువాత వేరే ఇంటికి తీసుకువెళతారు. మనది చూసిన కళ్ళకు రెండోది చవకగా కనబడుతుంది. మన ఇంటికి వచ్చిపోయిన పదిమందిలో ఎంతమంది అలా వచ్చినవారో! అందుకే మనిషి వచ్చిపోయిన ప్రతిసారీ, ఎవరు వచ్చారు, ఏమన్నారు, ఎంతకు సిద్ధమన్నారు అని ఏజెంటును అడిగి ఒక పుస్తకంలో వ్రాసుకోండి. ఎనిమిదిమంది ఒకే అభ్యంతరం చెబితే అది ఇంటి లోపం. అసలు ఎవరూ రాకపోతే అది ధర లోపం. వచ్చినవారు మెచ్చుకుని రెండోసారి రాకపోతే కాగితాల దగ్గరో, అప్పు దగ్గరో తేడా ఉందన్నమాట. సాధారణంగా ఈ లెక్క తప్పదు.

ఏజెంటుతో ఒక కాగితం వ్రాసుకోండి. ఎన్ని నెలలు, కమీషన్ ఎంత, ఎప్పుడు ఇవ్వాలి, కొనేవారి దగ్గర కూడా తీసుకుంటున్నాడా అన్నవి అందులో ఉండాలి. మూడు నెలల గడువు చాలు. కమీషన్ రిజిస్ట్రేషన్ రోజున అని వ్రాయండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో ఏజెన్సీకి ఒక అధ్యాయమే ఉంది. ఏజెంటు యజమాని చెప్పినట్లు నడుచుకోవాలి, అడిగితే లెక్క చెప్పాలి, యజమానికి తెలియకుండా తానే కొనుగోలుదారుగా మారకూడదు అని ఆ చట్టం చెబుతుంది. 2016 నాటి రెరా చట్టం కింద ఏజెంటు నమోదై ఉన్నాడా అని కొందరు అడుగుతున్నారు. ఆ నమోదు తప్పనిసరి అయింది ఆ చట్టం కింద నమోదైన ప్రాజెక్టుల అమ్మకాలకు. మన పాత ఇల్లు ఆ కోవలోకి రాదు. కనుక అతడి నమోదు మీద కన్నా మీ కాగితం మీద ఎక్కువ ఆధారపడండి.

రెండు పనులు మాత్రం ఎట్టి పరిస్థితులలోనూ చేయవద్దు. అసలు దస్తావేజులు ఏజెంటు చేతికి ఇవ్వకండి, జిరాక్సులు చాలు. “పని సులువవుతుంది” అంటే జి.పి.ఏ. వ్రాసి ఇవ్వకండి. జి.పి.ఏ. ద్వారా అమ్మకం వల్ల హక్కు బదిలీ కాదని 2011లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అలాగే కొద్దిపాటి బయానా ఇచ్చి ఆరు నెలల గడువుతో అగ్రిమెంటు వ్రాయించుకునేవారితో జాగ్రత్త. వారు కొనడానికి రారు, ఆ అగ్రిమెంటును ఇంకొకరికి లాభానికి తిప్పడానికి వస్తారు. దొరికితే వారికి లాభం, దొరకకపోతే మన ఇల్లు ఆరు నెలలు ఇరుక్కుపోతుంది. బయానా నగదుగా 20 వేలు గాని అంతకు మించి గాని తీసుకోవడం 2015 జూన్ 1 నుండి చట్టవిరుద్ధం. తీసుకుంటే అంత మొత్తమూ జరిమానా పడవచ్చు. చెక్కో, బ్యాంకు బదిలీయో అడగండి.

మన సభ్యులలో ఒకరి సంగతి చెబుతాను, పేరు వద్దు. పాత పేటలో డాబా ఇల్లు. భార్యకు వారానికి మూడుసార్లు డయాలిసిస్. కూతురు ఉండే ఊరికి మారిపోవాలి. పధ్నాలుగు నెలలు ముగ్గురు ఏజెంట్లతో తిరిగినా ఒక్క బేరం నిలవలేదు. మేము ఇద్దరు ముగ్గురం కూర్చుని చూస్తే, పాత తనఖా రద్దు కాలేదు, ముగ్గురు ఏజెంట్లు మూడు ధరలు చెబుతున్నారు, ఇల్లు తాళం వేసి ఉండడంతో లోపల చెమ్మ వాసన. రెండు నెలల్లో తనఖా రద్దు చేయించి, సున్నం కొట్టించి, కిటికీలు తెరిపించారు. ఏజెంటును ఒక్కరినే ఉంచి, వీధిలో నడిచిన ధరకు రెండు శాతం పైన మాత్రమే చెప్పించారు. చివరకు కొన్నదెవరో తెలుసా? వెనక ఇంటాయన! తన స్థలానికి కలుపుకుంటే విలువ పెరుగుతుందని ఆయన ఎప్పటినుండో అనుకుంటున్నారట. ఈయన అమ్ముతున్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. నలుగురి నోళ్ళలో పడుతుందని ఈయన గుట్టుగా ఉంచారు. పాత పేటల్లో పక్కింటివారే అందరికన్నా పెద్ద కొనుగోలుదారులు. ముందు వారికి చెప్పండి.

ఆషాఢంలో, మూఢంలో, మహాలయ పక్షాలలో, పుష్యంలో మనవాళ్ళు ఇల్లు బేరమాడరు. ఆ రోజుల్లో ఎవరూ రాలేదని కంగారుపడి ధర తగ్గించవద్దు. శ్రావణంలో, కార్తీకంలో కూడా రాకపోతే అప్పుడు ఆలోచించండి.

ఆగడానికి కూడా ఖర్చుందని మరువవద్దు. 80 లక్షలు బ్యాంకులో ఉంటే ఏడు శాతం చొప్పున ఏడాదికి 5 లక్షల 60 వేలు. ఇంకో అయిదు లక్షల కోసం రెండేళ్ళు ఆగినవారు పోగొట్టుకున్నది అంతకు రెండింతలు పైనే. ఆ రెండేళ్ళలో ఆరోగ్యం పోతే దానికి లెక్కే లేదు.

పన్ను మాట క్లుప్తంగా. 50 లక్షలు, ఆ పైన విలువైన ఇల్లు కొనేవారు 2013 జూన్ 1 నుండి 1 శాతం పన్ను మినహాయించి ప్రభుత్వానికి కడుతున్నారు. మన పాన్ లెక్కలో అది జమ అయిందో లేదో చూసుకోవాలి. 2001కి ముందు కట్టిన ఇంటికి 2001 ఏప్రిల్ 1 నాటి విలువను ఆధారంగా తీసుకునే వీలుంది. లాభం మీద పన్ను ఎంతో అగ్రిమెంటుకు ముందే ఆడిటరును అడిగి తెలుసుకోండి, తరువాత కాదు.

ఆఖరుగా ఒక మాట. ఇల్లు అమ్మితే మనం ఎక్కడ ఉంటాం, ఆ డబ్బు ఎవరి పేరున ఉంటుంది అన్న రెండు ప్రశ్నలకు భార్యాభర్తలిద్దరూ కూర్చుని సమాధానం వ్రాసుకున్న తరువాతే ఏజెంటుకు ఫోను చేయండి. పిల్లలు మంచివారే. అయినా మన డబ్బు మన ఇద్దరి పేరున మన బ్యాంకులో ఉంటే ఆ మంచితనం అలాగే నిలుస్తుంది. కాగితాల విషయంలో ఎవరికి సందేహం ఉన్నా, ఫైలు పట్టుకుని సంఘ కార్యాలయానికి రండి. చూసి పెట్టడానికి నాలాంటివారు ఇద్దరు ముగ్గురం ఉన్నాం. రుసుము ఏమీ లేదు, కాఫీ ఇప్పిస్తే చాలు.