స్ప్రే గన్‌తో రంగులు వేసేవారి కుటుంబాలకు కొన్ని మాటలు

(రాయపోల్‌లో రోగుల కుటుంబాలకు ఇచ్చిన ఆరోగ్య ప్రసంగం)



బి.పి. గురించి, షుగర్ గురించి చాలాసార్లు విన్నారు. ఈ రోజు రంగులు కొట్టే స్ప్రే గన్ గురించి మాట్లాడుకుందాం. సిస్టరమ్మకు దీనితో ఏం పని అని నవ్వకండి. గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపుల్లో, ట్రాక్టర్ ట్రాలీలకు రంగు వేసే చోట, కార్ల షెడ్లలో, కొత్త ఇళ్ల దగ్గర పని చేసేది మన పిల్లలే. ఇంటికి వచ్చాక వాళ్ల చేయి చూసేది, రాత్రి దగ్గు వినేది మీరు. అందుకే మీకు చెబుతున్నాను.

ఈ గన్ పుట్టిందే ఒక డాక్టరు ఇంట్లో. అమెరికాలోని టొలీడో పట్టణంలో అలెన్ డెవిల్బిస్ అనే గొంతు డాక్టరు 1880లలో గొంతులోకి మందును తుంపరగా కొట్టే పరికరం తయారు చేశాడు. ఆయన కుమారుడు టామస్ 1907లో ఆ పద్ధతినే రంగులకు వాడాడు. మందును గొంతులోకి అంత బాగా చేర్చిన తుంపర, రంగును ఊపిరితిత్తుల్లోకి చేర్చకుండా ఉంటుందా?

గన్‌లు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి కప్పు ఉన్న గన్. కంప్రెషర్ గాలితో నడుస్తుంది. రెండవది గోడలకు వాడే ఎయిర్‌లెస్ మిషన్. ఇందులో గాలి ఉండదు, పంపు రంగునే గట్టిగా నెడుతుంది. కారు టైరులో గాలి 30, 35 పి.ఎస్.ఐ. ఉంటే, ఈ మిషన్‌లో రంగు 2,000 నుండి 3,000 పి.ఎస్.ఐ. ఒత్తిడితో వస్తుంది. నాజిల్‌కు వేలు అడ్డం పెడితే రంగు సూదిమందులా చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. గ్లోవ్స్ కూడా దాన్ని ఆపలేవు.

ఈ ప్రమాదం ఎక్కువగా నాజిల్ మూసుకుపోయినప్పుడు, గన్ కడిగేటప్పుడు జరుగుతుంది. కుడి చేత్తో గన్ పట్టుకుని, ఎడమ చూపుడు వేలితో నాజిల్ తుడుస్తారు. అంతే! కాబట్టి ముందు మోటారు ఆపి, ట్రిగ్గర్ లాక్ వేసి, ప్లగ్ తీయాలి. తరువాత లాక్ తీసి, గన్‌ను ఇనుప బకెట్ అంచుకు ఆనించి ట్రిగ్గర్ నొక్కి, లోపలున్న ఒత్తిడి పోనివ్వాలి. డ్రెయిన్ వాల్వు కూడా తెరవాలి. మళ్లీ లాక్ వేశాకే నాజిల్ ముట్టుకోవాలి. పైపు ఎక్కడ కారుతోందో చేతితో తడిమి చూడకూడదు. అట్టముక్క పెట్టి చూడాలి.

ఇక అసలు విషయం. రంగు వేలిలోకి పోతే మొదట కనిపించేది చిన్న చుక్క. రక్తం కూడా పెద్దగా రాదు. కొందరికి నొప్పి ఉండదు, కాస్త తిమ్మిరి మాత్రమే. “చిన్న రంధ్రమే కదా” అని పసుపు పెట్టి పడుకుంటారు. లోపల మాత్రం రంగు, థిన్నర్ నరాల వెంట అరచేతి దాకా పాకి కండను చంపుతుంటాయి. తెల్లవారేసరికి వేలు వాచి నల్లబడుతుంది. రంగు, గ్రీజు, నూనె వంటివి ఇలా చేతిలోకి పోయిన 435 మంది వివరాలను 2006లో వెలువడిన ఒక వైద్య వ్యాసం పరిశీలించింది. వందకు 30 మందికి వేలు గానీ, చేతిలో కొంత భాగం గానీ తీసివేయవలసి వచ్చింది. రంగు, థిన్నర్ పోయినవారిలో 6 గంటల లోపల ఆపరేషన్ జరిగినవారికి నష్టం తక్కువ.

కాబట్టి పిండవద్దు, నోటితో పీల్చవద్దు, ఐసు పెట్టవద్దు. పాము కాటుకు కట్టినట్టు తాడు కట్టవద్దు (పాము కాటుకైనా కట్టకూడదు, అది ఇంకో రోజు చెబుతాను). ఉంగరం తీసేసి, చేయి పైకెత్తి ఉంచి, 108కు ఫోన్ చేయండి. ఆపరేషన్ చేయవలసి వస్తుంది గనుక ఏమీ తినిపించవద్దు, టీ కూడా వద్దు. సర్జన్ ఉన్నచోటికే, సిద్దిపేటకో హైదరాబాద్‌కో, వెంటనే తీసుకువెళ్లాలి. “వేలికి గాయం” అని చెబితే కట్టు కట్టి పంపేస్తారు. “మిషన్ ఒత్తిడితో రంగు లోపలికి పోయింది” అని చెప్పండి.

కప్పు గన్‌తో అంత భయం లేదు గాని, దాని గాలితో బట్టల దుమ్ము దులుపుకోవడం మానాలి. కంటికీ పుండుకూ ప్రమాదం. పని అయిన వెంటనే కప్పులో థిన్నర్ పోసి కొట్టి, ఎయిర్ క్యాప్, సూది విప్పి బ్రష్‌తో కడగాలి. ఇనుప తీగ గుచ్చితే రంధ్రం పెద్దదై తుంపర పాడవుతుంది, రంగు గాలిలోకి ఎక్కువ పోతుంది. కంప్రెషర్ ట్యాంకులో చేరే నీటిని రోజూ వదలాలి, లేకపోతే లోపల తుప్పు పడుతుంది. థిన్నర్ దగ్గర బీడీ వద్దు. దుబ్బాక వైపు ఇంటింటా చుట్టేవే గనుక జేబులో ఎప్పుడూ ఉంటాయి, అందుకే ప్రత్యేకంగా చెబుతున్నాను. చేతులు థిన్నర్‌తో కడగవద్దు. కొబ్బరినూనె రాసి, తుడిచి, సబ్బుతో కడిగితే చాలు.

ముఖానికి కట్టే రుమాలు తుంపరను కొంత ఆపుతుంది, ఆవిరిని ఆపదు. బొగ్గు క్యాట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి. కార్లకు వేసే రంగులో హార్డెనర్ కలిపితే అందులో ఐసోసయనేట్ అనే రసాయనం ఉంటుంది. దానికి ఈ మాస్కు కూడా చాలదు, బయటి గాలి పైపుతో అందించే మాస్కు వాడాలి. ఆ రసాయనం ఆస్తమా తెస్తుంది, ఒకసారి వచ్చాక కొంచెం తగిలినా ఆయాసం వస్తుంది. మీ అబ్బాయికి సాయంత్రం, రాత్రి దగ్గు వస్తోందా? సెలవు రోజు తగ్గుతోందా? ఈ రెండు సంగతులూ డాక్టరుగారికి చెప్పండి. అడగకపోయినా చెప్పండి. ఏ రంగు వాడుతున్నాడో తెలియకపోతే, ఖాళీ డబ్బాను మూత బిగించి సంచిలో వేసుకుని రండి, మేము చదువుకుంటాము.