వినే కాలు, చెప్పే కాలు
(ముబారక్ అల్ కబీర్‌లో తెలుగు తరగతి పిల్లల ఎదుట చేసిన ప్రసంగం)



నేను తెలుగు చెప్పే పంతులును. సంధులూ సమాసాలూ చెప్పవలసినవాడు మైక్రోకంట్రోలరు గురించి మాట్లాడుతున్నాడేమిటా అని మీకు నవ్వు రావచ్చు. రానివ్వండి. మన ఊరి వైపు బడిలో ఒక బొమ్మ మోటారు నాకు ఈ పాఠం నేర్పింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు మీ ఇంటి ఏ.సీ.ని తలచుకోండి. 2016 జూలై 21న ఈ కువైట్ దేశంలోనే మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీల వేడి నమోదయింది. అలాంటి ఎండల్లో ఏ.సీ. ఆగితే ఎలా ఉంటుందో నాకంటే మీకే బాగా తెలుసు. మరి గది చల్లబడిందని ఏ.సీ.కి ఎవరు చెబుతున్నారు? దాని లోపల ఒక చిన్న నల్లని బిళ్ల ఉంటుంది. ఆ బిళ్లకు లోహపు కాళ్లు ఉంటాయి. వీటిని పిన్నులు అంటారు. ఒక కాలికి వేడిని గుర్తించే భాగం కట్టి ఉంటుంది. గది కబురు అక్కడి నుంచి లోపలికి వస్తుంది. ఇంకొక కాలి నుంచి "కంప్రెసరును ఆపు" అనే ఆజ్ఞ బయటికి పోతుంది. లోపలికి వచ్చేది ఇన్‌పుట్, బయటికి పోయేది అవుట్‌పుట్.

ఇలాంటి బిళ్లలకు వంశాలు ఉన్నాయి. బడిపిల్లల చేతికి ఎక్కువగా వచ్చేది ఏ.వి.ఆర్. వంశం. నార్వేలో బోగెన్, వొల్లన్ అనే ఇద్దరు విద్యార్థుల ఆలోచన అది. ఆ ఇంట్లో చిన్నవాడు ఏటీ టైనీ 85. వాడికి 8 కాళ్లు. నడిమివాడు ఏటీ మెగా 328పి; 28 కాళ్లు. పెద్దవాడు ఏటీ మెగా 2560, 100 కాళ్లు. కాళ్ల లెక్క వేరైనా ఇంటి కట్టుబాటు ఒక్కటే. కరెంటు తీసుకునే కాళ్ల వంటివి కొన్ని పోగా, మిగిలిన ప్రతి కాలికీ లోపల ఒక గుర్తు ఉంటుంది. అక్కడ 0 రాస్తే ఆ కాలు వింటుంది, 1 రాస్తే చెబుతుంది. రాసేది మనమే.

ఇందులో నాకు బాగా నచ్చిన విషయం ఒకటి ఉంది. కరెంటు రాగానే, ఇంకా ఎవరూ ఏమీ చెప్పకముందు, ఈ కాళ్లన్నీ 0 మీదే ఉంటాయి. అంటే బిళ్ల నిద్ర లేస్తూనే వింటుంది, మాట్లాడదు. ఎందుకంటే ఒకే తీగ మీద ఇద్దరు మాట్లాడి, ఒకరు 5 వోల్టులు, మరొకరు సున్న అంటే మధ్యలో కరెంటు ఉరికి బిళ్ల కాలిపోవచ్చు. వినేవాడితో ఆ ప్రమాదం లేదు.

ఇక మోటారు సంగతి. మా బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి చిన్న ఫ్యాను చేస్తానంది. సైన్సు మాస్టారు సెలవులో ఉన్నారు. నేను పెద్దరికం నెత్తిన వేసుకుని, "తీగలు నేరుగా తగిలించెయ్యమ్మా" అన్నాను. తొమ్మిదో నంబరు కాలికి తగిలించింది. మోటారు ఒక్కసారి వణికి ఆగిపోయింది. ఆ కాలు మరి పనిచేయలేదు. మిగతా కాళ్లు బాగానే ఉన్నాయి!

మరునాడు మాస్టారు వచ్చి నాకూ పాఠం చెప్పారు. ఆ కాలు 20 మిల్లీ ఆంపియర్లు హాయిగా ఇస్తుంది. 40 దాటితే చెడిపోతుంది. బొమ్మ మోటారు కదలాలంటే అంతకు ఎన్నో రెట్లు కావాలి. మీ నాన్నగార్లు పనిచేసే కట్టడాల దగ్గర చూసే ఉంటారు: క్రేను కింద నిలబడి చేత్తో సైగ చేసే మనిషి ఇనుప దూలాన్ని తాను ఎత్తడు. ఈ కాలు కూడా సైగ చేసేదే. బరువు మోయడానికి మధ్యలో ట్రాన్సిస్టరు గానీ, రిలే గానీ ఉండాలి.

ఆ అమ్మాయి ఫ్యాను దగ్గర ఆగలేదు. వాళ్ల నాన్న ఈ కువైట్‌లోనే పనిచేస్తున్నాడు. చీకటితో బోరు దగ్గరికి వెళ్లి మోటారు వేసేది వాళ్ల అమ్మ. పాముల భయం, తడిచేతులతో స్టార్టరు పెట్టె తాకే భయం. ఫోను చేస్తే మోటారు తిరిగే పెట్టెలు బజారులో ఉన్నాయి. వాటి దారి ఇది: ఫోను కబురు ఒక కాలిలోకి వస్తుంది, ఇంకొక కాలు రిలేకు సైగ చేస్తుంది, రిలే స్టార్టరును లాగుతుంది, స్టార్టరు మోటారును తిప్పుతుంది.

అయితే ఎవరి మాటా వినకుండా, కరెంటు రాగానే మోటారు వేసేసే ఆటో స్టార్టర్లు వేరే ఉన్నాయి. 2018 జనవరి 1న తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, నీళ్లు వృథాగా పోతాయని ప్రభుత్వం వాటిని తీసేయమని రైతులను కోరింది. నీళ్ల మాట అలా ఉంచండి. కరెంటు పోయిందని మోటారులో చెయ్యి పెట్టిన మనిషి గతి ఏమిటి?

బిళ్ల లేస్తూనే వింటుందని చెప్పాను కదా. ఆ క్షణంలో రిలే వైపు పోయే తీగను ఎవరూ పట్టుకుని ఉండరు. పట్టు లేని తీగ గాలిపటంలా ఊగి, రిలేను ఉత్తపుణ్యానికి లాగవచ్చు. అందుకని ఆ తీగను 10 వేల ఓముల నిరోధకంతో సున్న వైపుకు కట్టి ఉంచుతారు. చాలా చౌక వస్తువు. చేసేవాళ్లు మరిచిపోయేదీ దాన్నే.

ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. చచ్చిన తొమ్మిదో కాలి పక్కన ఎర్రని గోళ్లరంగు చుక్క పెట్టుకుని, పదో కాలితో పని చేస్తోంది. బోరు దాకా ఇంకా పోలేదు; కాంటాక్టరు, ఫ్యూజులు ఎలక్ట్రీషియన్ చూడాలని మాస్టారు కచ్చితంగా చెప్పారు. ప్రస్తుతానికి మోటారు బదులు బల్ల మీద చిన్న బల్బు పెట్టింది. నేను ఇక్కడికి బయలుదేరే ముందురోజు సాయంత్రం, ప్లగ్గు పీకి మళ్లీ పెట్టి, పీకి మళ్లీ పెట్టి, బల్బు ఒక్కసారైనా మిణుకుమంటుందేమోనని కూర్చుని చూస్తోంది. నేనూ పక్కన కూర్చుని లెక్కపెట్టాను. ఇరవైసార్లూ వెలగలేదు.