గుండె మాత్ర – కణంలోని పంపు



మీ వారికి డాక్టరుగారు డిగాక్సిన్ మాత్ర రాసి ఉంటే ఈ నాలుగు మాటలు మీ కోసమే. చూడడానికి అది చిన్న మాత్ర. కానీ కొలత దాటితే ప్రాణానికే ముప్పు. ఎందుకో తెలుసుకుందాం.

మన శరీరంలో ప్రతి కణం చుట్టూ కొవ్వుతో చేసిన పలుచని పొర ఉంటుంది. ఆ పొరలో సోడియం–పొటాషియం పంపులు ఉంటాయి. వీటిని 1957లో డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ పీత నరాలను పరీక్షిస్తూ కనుగొన్నారు. 1997లో నోబెల్ బహుమతిలో భాగం పొందారు. 2007లో పంది కిడ్నీ నుండి తీసిన పంపు ఆకారాన్ని ఎక్స్‌రేలతో వివరంగా చూడగలిగారు.

ఈ పంపు మాంసకృత్తులతో చేసినది. అందులో పెద్ద భాగం ఆల్ఫా. అది సుమారు 1000 అమైనో ఆమ్లాల గొలుసు; పొరను 10 సార్లు దాటుతుంది. బీటా అనే చిన్న భాగం దానిని ఆనుకుని ఉంటుంది. ఆల్ఫాను రెండు తలుపుల గది అనుకోండి. ఒక తలుపు కణం లోపలికి, ఒకటి బయటికి. రెండూ ఒకేసారి తెరుచుకోవు. లోపలి నుండి 3 సోడియం అయాన్లు వచ్చి కూర్చుంటాయి. ఏటీపీ అనే శక్తి పదార్థం ఒకటి ఖర్చవుతుంది. పంపు ఆకారం మారి వాటిని బయటికి వదులుతుంది. తిరిగి వచ్చేటప్పుడు 2 పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది.

డిగాక్సిన్ ఈ బయటి తలుపు దగ్గర కూర్చుని పంపును ఆపుతుంది. కొన్ని పంపులు ఆగితే గుండె కణంలో సోడియం, దానితోపాటు కాల్షియం పెరిగి గుండె బలంగా కొట్టుకుంటుంది. ఎక్కువ పంపులు ఆగితే గుండె లయ తప్పుతుంది. గన్నేరు విషం పట్టుకునేది కూడా ఈ పంపునే.

మా వార్డుకు ఒక పెద్దాయన వాంతులతో వచ్చారు. ఇంట్లోవారు గ్యాస్ అనుకున్నారు. అడిగితే, ఆయాసం తగ్గలేదని కోడలు ప్రేమతోనే రోజుకు రెండు పూటలా మాత్ర వేసిందట. రాసింది ఒక్క పూటే. సమయానికి తీసుకొచ్చారు కాబట్టి ఆయన కోలుకున్నారు.

కాబట్టి ఇవి గుర్తుంచుకోండి:

1. రాసినంతే వేయండి. కొందరికి వారానికి 5 రోజులే రాస్తారు. ఒక పూట మరచిపోతే మరునాడు రెండు వేయకండి.

2. మాత్రకు ముందు నాడి నిమిషంపాటు లెక్కపెట్టండి. 60 కన్నా తక్కువ ఉంటే మాత్ర వేయక ముందే మాకు చెప్పండి.

3. ఆకలి పోవడం, వాంతులు, తికమక, వస్తువులు పసుపుగా కనబడడం – ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

4. ఒంట్లో నీరు తీసే మాత్రలు, విరేచనాలు పొటాషియంను తగ్గిస్తాయి. పొటాషియం తగ్గితే డిగాక్సిన్ పంపును మరింత గట్టిగా పట్టుకుంటుంది. రక్త పరీక్ష మానకండి. పొటాషియం కోసమని మీ అంతట మీరు మందులు కొనకండి. కిడ్నీ జబ్బు ఉన్నవారికి అది ఎక్కువైనా ప్రమాదమే.

5. మాత్రలు పిల్లలకు అందకుండా పెట్టండి.

మాత్ర చీటీ, మాత్రల డబ్బా ప్రతిసారీ వెంట తెచ్చుకోండి. సందేహం వస్తే సిగ్గుపడకుండా సిస్టర్‌ను అడగండి. పదిసార్లు అడిగినా మేము విసుక్కోము.