బోర్డు రూములో మన అక్కకు కుర్చీ ఏది?
(పాతబస్తీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇక్కడి నుంచి మూసీ దాటి మాసబ్‌ట్యాంక్ వైపు పోతే ఏసీ గార్డ్స్ అనే బస్తీ వస్తది. ఆ పేరుకు అర్థం మనలో ఎంతమందికి తెలుసు? ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. నిజాం గుర్రపు దళంలో కాపలా కాసిన ఆఫ్రికా మూలాల సైనికులు వాళ్లు. సిద్దీలు, హబ్షీలు అంటాం. రాజు ప్రాణానికి వాళ్లు కావాలి. రాజ్యం పోయాక పేరు బోర్డు మీద మిగిలింది, మనుషులను నగరం మరిచిపోయింది.

అందుకే ఇవాళ నల్లజాతి ఆడవాళ్లు కంపెనీల్లో పైకి వచ్చిన సంగతి చెప్తా. మనకెందుకు అనకండి, వినండి.

ఉర్సులా బర్న్స్ న్యూయార్క్‌లో పేదలకు ప్రభుత్వం కట్టిన ఇళ్లలో పెరిగింది. ఒంటరి తల్లి కష్టపడి చదివించింది. 1980లో జిరాక్స్ కంపెనీలో వేసవి ఇంటర్న్‌గా అడుగుపెట్టింది. 2009లో అదే కంపెనీకి సీఈవో అయింది. అమెరికాలోని అతి పెద్ద 500 కంపెనీల్లో ఒకదాన్ని నడిపిన మొదటి నల్లజాతి మహిళ ఆమే. ఆ మెట్లు ఎక్కడానికి 29 ఏళ్లు పట్టింది.

2016లో ఆమె ఆ కుర్చీ దిగింది. తర్వాత 2021లో వాల్‌గ్రీన్స్‌కు రోజలిండ్ బ్రూవర్, టీఐఏఏకు తసుండా బ్రౌన్ డకెట్ వచ్చేదాకా, 2019లో తాత్కాలికంగా కూర్చున్న మేరీ విన్‌స్టన్ తప్ప ఇంకొకరు లేరు. 2023లో బ్రూవర్ కూడా వెళ్లిపోయింది. ఒక్కరు లోపలికి పోయినంత మాత్రాన తలుపు తెరిచినట్టు కాదు, గుర్తుపెట్టుకోండి.

మన దేశంలోనే ఇంకో అమ్మ ఉంది. హీరాబాయి లోబీ. గుజరాత్‌లో గిర్ అడవి పక్కన జంబూర్ ఊరు. సిద్దీ. అక్కడ సిద్దీలు ఎస్టీలు, అంటే నల్లజాతి మనిషే, ఆదివాసీ కూడా. రేడియోలో విని సేంద్రియ ఎరువు తయారీ నేర్చుకుంది. ఊరి ఆడవాళ్లను సంఘంగా కూడగట్టి ఎరువు అమ్మించింది, పిల్లలకు బాల్వాడీలు పెట్టించింది. 2023లో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము చేతుల మీదుగా పద్మశ్రీ అందుకుంది. ఇచ్చింది ఆదివాసీ, తీసుకుంది ఆదివాసీ. ఆమెకు ఆఫీసూ లేదు, సూటూ లేదు. ధర చెప్పేది మాత్రం ఆమె మనుషులే.

మన దగ్గర? తేనె మనం తెస్తాం, ఇప్పపువ్వు మనం ఏరుతాం, ధర ఇంకొకడు చెప్తాడు.

డిగ్రీ అయ్యాక నేను హైటెక్ సిటీలో ఒక ఇంటర్వ్యూకు పోయిన. ఫైలు చూసిన సారు, ‘అడవి నుంచి ఇంత దూరం వచ్చావా, గ్రేట్’ అన్నాడు. పొగిడానని ఆయన అనుకున్నాడు. నా ప్రాజెక్టు గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. బస్సులో తిరిగొస్తుంటే అవమానం కన్నా ఆ ప్రశ్న రానందుకే ఎక్కువ బాధైంది.

2013 కంపెనీల చట్టం 149వ సెక్షన్ ప్రకారం లిస్టెడ్ కంపెనీల బోర్డులో కనీసం ఒక మహిళ ఉండాలి. మంచిదే. ఏ మహిళ? ఏ తెగ, ఏ కులం? ఆ చట్టం అడగదు. యజమాని ఇంటి ఆడబిడ్డను కూర్చోబెట్టినా లెక్క సరిపోతది.

కాబట్టి మూడు మాటలు. కంపెనీలు తమ దగ్గర ఏ హోదాలో ఎంతమంది ఆదివాసీ మహిళలున్నారో లెక్క బయటపెట్టాలి. మన కాలేజీ చెల్లెళ్లకు జీతం ఇచ్చే ఇంటర్న్‌షిప్ కావాలి, ఉర్సులా అక్క అక్కడి నుంచే మొదలైంది. మూడోది మన పని. ఊళ్లో సంఘం పెట్టి, పుస్తకంలో లెక్క మనమే రాద్దాం.

చెల్లే, నువ్వు ఎక్కినప్పుడు నీ వెనక వచ్చే చెల్లెకు చెయ్యి అందియ్యి.

జోహార్.