గుఱ్ఱము గతి మార్చు వేళ

నలమహారాజునకు అశ్వహృదయము తెలియునని భారతకథ చెప్పుచున్నది. ఆయన బాహుకుడను మారుపేరుతో ఋతుపర్ణుని రథమును తోలుచుండగా రాజు ఉత్తరీయము జారి క్రిందపడినదట. దానిని తెచ్చుకొందమని రాజు అనునప్పటికే రథము యోజనదూరము దాటిపోయినదట. ఈ కథ విన్నప్పుడెల్ల మనము ఆ వేగమును మెచ్చుకొందుము. నా మనస్సు మాత్రము మరొక విషయము మీదికి పోవును. నిలిచియున్న ఆ గుఱ్ఱములు అంతటి వేగమును ఎట్లు అందుకొన్నవి? అందుకొనునప్పుడు తొట్రుపడినవా, లేక నీరు పల్లమునకు జారినట్లు ఒక గతినుండి మరొక గతికి జారిపోయినవా? వేగము గుఱ్ఱమునకు పుట్టుకతో వచ్చినది. రౌతును వీపున మోయుచు, అతడు కోరిన చోట, కోరిన క్షణమున, తొట్రుపాటు లేక గతి మార్చుట మాత్రము నేర్చుకొనవలసిన విద్య. శ్రోతలకు ఈనాడు నేను ఆ విద్యలోని ఒక చిన్న పాఠమును మనవి చేయదలచినాను.

గుఱ్ఱపు గతులను అమరకోశము ఐదు ధారలుగా చెప్పినది: ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతము. నేటి శిక్షకులు ముఖ్యముగా మూడు గతులను చెప్పుదురు. మొదటిది నడక. ఇందులో నాలుగు గిట్టలును ఒకదాని తరువాత ఒకటి నేలను తాకును గనుక నాలుగు దెబ్బలు వినిపించును. రెండవది ట్రాటు, మన అశ్వదళములవారు దుల్కీ అనునది ఇదియే. ఇందులో ఎదురు మూలల కాళ్లు జంటలుగా పడును గనుక రెండు దెబ్బలు. మూడవది క్యాంటరు. దీనికి మూడు దెబ్బలు.

కుడివైపునకు తిరుగు వలయములో క్యాంటరు ఎట్లుండునో చూతము. మొదట ఎడమ వెనుకకాలు నేలను మోపును. పిమ్మట కుడి వెనుకకాలును ఎడమ ముందుకాలును కలిసి పడును. చివరకు కుడి ముందుకాలు. అంతట నాలుగు కాళ్లును గాలిలోనుండు ఒక లిప్తపాటు. చూచువారికి కుడి ముందుకాలే దారితీయుచున్నట్లు కనిపించును. నిజమునకు ప్రతి అడుగును ఆరంభించునది వలయమునకు బయటివైపుననున్న ఎడమ వెనుకకాలు. ఈ ఒక్క సంగతి జ్ఞాపకముంచుకొన్నచో మిగిలినదంతయు సుబోధమగును.

సంగీతజ్ఞులు చతురశ్రగతినుండి తిశ్రగతికి మారునప్పుడు కాలప్రమాణము పరుగెత్తరాదు, కుంటుపడరాదు. మార్దంగికుని నేర్పు ఆ మార్పునందే తెలియును. గుఱ్ఱము రెండు దెబ్బల ట్రాటునుండి మూడు దెబ్బల క్యాంటరునకు మారుటయు అట్టిదే.

ఇట్టి శిక్షణకు డ్రెసాజ్ అని పేరు. అది ఫ్రెంచి మాట. శిక్షణమనియే దాని అర్థము. ఈ విద్య ప్రాచీనమైనది. క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దిలోనే గ్రీకుదేశస్థుడైన జెనొఫన్ అశ్వశిక్షణమును గురించి గ్రంథము వ్రాసి, గుఱ్ఱముచేత బలవంతముగా చేయించిన పనిలో అందముండదని బోధించినాడు. ఫ్రాన్సు దేశమున లా గెరినియేర్ అను ఆచార్యుని గ్రంథము 1733లో వెలువడినది. వియన్నా నగరమందలి ప్రసిద్ధ స్పానిష్ అశ్వవిద్యాలయమువారు నేటికిని ఆ గ్రంథమును తమ విద్యకు ఆధారముగా భావింతురు. 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్ క్రీడలలో డ్రెసాజ్ ప్రవేశించినది. మనదేశపు జట్టు 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో ఈ విద్యయందు స్వర్ణపతకము గెలిచినది. ఆ జట్టులోనివాడైన అనూష్ అగర్వాలా 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో డ్రెసాజ్‌లో పాల్గొన్న ప్రథమ భారతీయుడైనాడు.

ఇంతటి పెద్దల విద్యలో నాకు అక్షరాభ్యాసము చేయించినది ఒక ఆడుగుఱ్ఱము. హైదరాబాదు శివార్లలో ఒక చిన్న స్వారిశాలలో నేను నేర్చుకొనుచున్న కాలమది. పందెములనుండి విరమింపజేసిన జేగురువన్నె గుఱ్ఱము ఒకటి అక్కడికి వచ్చినది. నడకలో గోవువంటిది. క్యాంటరు అడిగినచో మాత్రము తల పైకెత్తి, వెన్ను క్రుంగదీసి, ట్రాటులోనే పరుగు పరుగున పోయి, తుదకు తప్పుకాలితో దూకెడిది. నేను భయపడి పగ్గములు లాగెడివాడను. లాగినకొలది అది మరింత పరుగెత్తెడిది. స్వారిశాల యజమాని నెలల తరబడి చూచి, "ఇది పిల్లలకు పనికిరాదు. ఏడాది చివరకు ఎవరికో ఒకరికి ఇచ్చివేయవలసినదే" అన్నాడు. అట్లు చేతులు మారిన గుఱ్ఱముల గతి యేమగునో ఆ శాలలో అందరికిని తెలియును.

అశ్వదళములో చిరకాలము పనిచేసి విశ్రాంతి పొందిన ఒక దఫేదారుగారు అప్పుడప్పుడు అక్కడికి వచ్చుచుండెడివారు. ఒకనాడు కంచెకు ఆనుకొని నా స్వారి చూచి, నన్ను పిలిచి, "బాబూ, దాని నోరు లాగుతున్నారు, డొక్కలో పొడుస్తున్నారు. పొమ్మంటున్నారా, ఆగమంటున్నారా? ఏదో ఒకటి చెప్పండి పాపం" అన్నారు. నేను సిగ్గుపడితిని.

ఆయన మొదట నన్ను గుఱ్ఱమెక్కనీయలేదు. పశువైద్యునిచేత పండ్లు, వెన్ను, గిట్టలు పరీక్ష చేయించినారు. జీను మూపుమీద నొక్కుచున్నట్లు తేలినది. జీను మార్చినంతనే సగము తల యెగురవేత తగ్గినది. అంతకాలము మేము మొండితనమని తిట్టినది, సగము నొప్పియే. గుఱ్ఱము మాట వినలేదని శిక్షించుటకు పూర్వము దానికి నొప్పి యున్నదేమో చూచుట శిక్షకుని మొదటి ధర్మమని నాకు ఆనాడు తెలిసినది.

పిదప పాఠము ఆరంభమైనది. "క్యాంటరు సంగతి మరచిపోండి. దానికి ముందరి మూడు అడుగులు నాకు చూపించండి" అనెడివారు. ఆ మాటయందే ఈ విద్య రహస్యమంతయు ఉన్నది. చెడిన ట్రాటునుండి మంచి క్యాంటరు పుట్టదు. గుఱ్ఱము బరువు సహజముగా ముందుకాళ్లమీద హెచ్చుగా ఉండును. రౌతు ఎక్కినచో ఇంకను హెచ్చును. ఆ బరువును కొంత వెనుకకాళ్లు తీసుకొన్నప్పుడే ముందుభాగము తేలికపడి, గుఱ్ఱము పైకి లేచి క్యాంటరులో ప్రవేశింపగలదు. లేనియెడల అది బోర్లపడబోవు మనిషివలె ముందుకు ఉరుకును. ఉరుకుట వేగము, లేచుట గతి.

మొదటి అభ్యాసము ఇరువది మీటర్ల వలయము. డ్రెసాజ్ బరి 20 మీటర్ల వెడల్పుండును గనుక ఈ వలయము దానిలో సరిగా ఇముడును. ట్రాటులో సగము వలయము తిరిగి, నడకకు దించి, నాలుగైదు అడుగులు నడిపించి, మరల ట్రాటు అడుగవలెను. ఇట్లు పలుమార్లు చేయగా గుఱ్ఱము తరువాత ఏమి అడుగుదురో యని చెవి ఒగ్గును. వెనుకకాళ్లు శరీరము క్రిందికి వచ్చును. ఇది చక్కబడిన తరువాత నడకకు దిగబోవునంతలో దిగనీయక మరల ముందుకు పంపవలెను. హాఫ్ హాల్టు అనునది ఇదియే. రౌతు నడుము నిలిపి, ఒక క్షణము పగ్గమును మూసి, వెంటనే వదలును. "ఒక సంగతి చెప్పబోవుచున్నాను, విను" అని గుఱ్ఱమునకు చేయు సూచన యిది.

రెండవ అభ్యాసము వలయమును చిన్నది చేసి మరల పెద్దది చేయుట. ట్రాటులో మెల్లమెల్లగా ఇరువది మీటర్లనుండి పండ్రెండు మీటర్ల వలయమునకు వచ్చి, పిమ్మట లోపలి కాలితో గుఱ్ఱమును ప్రక్కగా బయటికి పంపవలెను. అప్పుడు దాని లోపలి వెనుకకాలు పొట్ట క్రిందుగా దాటుచు బరువు మోయుట నేర్చుకొనును. పెద్ద వలయమునకు చేరుచున్నప్పుడు క్యాంటరు అడిగినచో గుఱ్ఱము సరియైన కాలితోనే ఎత్తుకొనును. మా ఆడుగుఱ్ఱము మొదటి మంచి క్యాంటరు అడుగు వేసినది ఈ అభ్యాసములోనే.

అడుగుటకును ఒక వేళ కలదు. రౌతు లోపలి కాలు జీను బిగించు పట్టీ వద్దను, బయటి కాలు దానికి బెత్తెడు వెనుకను ఉండును. లోపలి చేయి మెత్తగా నుండవలెను. క్యాంటరును ఆరంభించునది బయటి వెనుకకాలని ముందే మనవి చేసితిని. ఆ కాలు గాలిలోనుండి నేలను తాకబోవునప్పుడే అడుగవలెను. అది నేలను మోపి ట్రాటు అడుగు పూర్తిచేసిన తరువాత అడిగిన లాభము లేదు. బయటి భుజము వెనుకకు పోవుట కనిపించినప్పుడు ఆ క్షణము వచ్చుచున్నదని గుర్తు. దఫేదారుగారు కంచె వద్దనుండి "ఒకటి, రెండు, ఇప్పుడు!" అని తాళము వేసినట్లు చెప్పెడివారు. వారములు గడచిన పిమ్మట ఆ "ఇప్పుడు" వారి నోట రాకముందే నా నడుమునకు తెలియసాగినది.

మూడవది భుజమును లోనికి తెచ్చు అభ్యాసము. లా గెరినియేర్ పేరు చెప్పగానే అశ్వవిద్య నేర్చినవారికి స్ఫురించు షోల్డర్ ఇన్ ఇదియే. బరి గోడవెంట పోవుచు గుఱ్ఱము ముందుభాగమును కొంచెము లోనికి తెచ్చి కొన్ని అడుగులు నడిపి, మూలవద్ద తిన్నగా చేసి క్యాంటరు అడుగవలెను. నడుము పెడగా పెట్టి వంకరగా దూకు గుఱ్ఱమునకు ఇది మంచి మందు. మెడను మాత్రమే వంచి భుజము తెచ్చితినని తృప్తిపడుట సామాన్యముగా జరుగు పొరపాటు.

ఎక్కుట నేర్చిన తరువాత దిగుట నేర్వవలెను. ఇది మరింత కష్టము. క్యాంటరునుండి ట్రాటునకు దింపునప్పుడు పగ్గములు లాగినచో గుఱ్ఱము ముందుకాళ్లమీద కూలబడును. దింపుటకు ముందు రెండు మూడు అడుగులు క్యాంటరును పొట్టిగా చేసి, రౌతు తన వీపును నిటారుగా నిలిపి, నడుము కదలికను ఆపవలెను. చేయి చివర మాట్లాడవలెను. దిగినవెంటనే ట్రాటును చురుకుగా ముందుకు పంపవలెను. అడుగులు కుదురుకొన్నకొలది నడకనుండి నేరుగా క్యాంటరునకును, క్యాంటరునుండి నేరుగా నడకకును పోవచ్చును. దీనికి నెలలు పట్టును. తొందరపడినచో సంపాదించినదికూడ పోవును.

ఇదంతయు దేహబలముతో సాధింపవచ్చునని అనుకొనువారికి ఒక ఉదాహరణము చెప్పుదును. డెన్మార్కు దేశస్థురాలు లిస్ హార్టెల్ 1944లో పోలియో వ్యాధికి గురియైనది. మోకాళ్లకు దిగువ ఆమె కాళ్లు స్వాధీనములో లేవు. గుఱ్ఱమెక్కుటకును దిగుటకును ఇతరుల సాయము కావలసియుండెను. డ్రెసాజ్‌లో స్త్రీలకు మొదటిసారిగా ప్రవేశము లభించిన 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆమె పురుషులతో పోటీపడి రజతపతకము గెలిచినది. 1956లో మరల గెలిచినది. పట్టి పొడుచుటకు కాళ్లలో బలము లేని ఆమె మాటను జూబిలీ అను ఆ గుఱ్ఱము ఎట్లు వినెనో ఆలోచింపుడు. నడుమును, నిలకడను, వేళను ఎరుగుటయే ఆమె బలము.

మా దఫేదారుగారి నియమములు మరి రెండు చెప్పి విరమింతును. అభ్యాసము నలువది నిమిషములకు మించనీయరు. మధ్యమధ్య పగ్గము పొడుగుగా వదలి గుఱ్ఱమును నడిపింపుమనెడివారు. ఒక అడుగు చక్కగా వచ్చినచో, మరల చేయించి చూతమను ఆశను చంపుకొని, మెడ నిమిరి, ఆనాటికి దిగిపొమ్మనెడివారు. "మంచి చోట ఆపితే రేపు అక్కణ్ణించే మొదలు పెడుతుంది బాబూ" అనెడివారు.

ఏడాది చివరకు యజమాని చూడవచ్చినాడు. నన్ను దింపి, పండ్రెండేండ్ల బాలికను ఒకతెను ఆ గుఱ్ఱముమీద ఎక్కించినారు. నా గుండె కొట్టుకొనుట నాకే వినిపించినది. ఆ బాలిక వలయములో ట్రాటు చేయుచు, నిటారుగా కూర్చుండి, కాలు కొంచెము వెనుకకు జరిపినది. అంతే. తల ఎగురవేయక, పరుగెత్తక, గుఱ్ఱము మెల్లగా లేచి, ఒకటి, రెండు, మూడు అని మూడు దెబ్బలు వినిపించుచు సాగినది. యజమాని ఏమియు అనలేదు. మరునాడు పిల్లల పాఠముల పట్టికలో ఆ గుఱ్ఱము పేరు వ్రాసియున్నది.

దానికి నేను నేర్పినది స్వల్పము. అడుగుటకు ముందు సిద్ధపరచుటయు, అడిగినపిమ్మట చేయి వదలుటయు అది నాకు నేర్పినది. నేటికిని గుఱ్ఱమెక్కిన ప్రతిదినమును ఆ మూడు అడుగులను వెదకుకొనుచునే యున్నాను.