సార్‌కి మార్కులు వేసేది ఎవరు?

  ఈ ఎపిసోడ్‌లో మన కాలేజీ లెక్చరర్ల గురించి మాట్లాడుకుందాం. వాళ్లు మనకి మార్కులు వేస్తారు, అది అందరికీ తెలుసు. మరి వాళ్లకి మార్కులు ఎవరు వేస్తారు, ఎట్లా వేస్తారు, ఆ లెక్క సరైనదేనా? ఇదీ టాపిక్.

ముందు నా తప్పొకటి చెప్పి మొదలుపెడతా. మాది రామసముద్రం. డిగ్రీకి రోజూ బస్సులో పోయి వచ్చేవాణ్ణి. మొదటి ఏడాదిలో ఫోన్‌కి ఒక లింక్ వచ్చింది. ఫ్యాకల్టీ ఫీడ్‌బ్యాక్ అట. ఆరు సబ్జెక్టులు, ఒక్కోదానికి ఇరవై ప్రశ్నలు. అంటే నూట ఇరవై సార్లు వేలు నొక్కాల. బస్సులో నిలబడి, ఒక చేత్తో రాడ్ పట్టుకుని, మూడు నిమిషాల్లో నింపేసినా. అందరికీ నాలుగు, నాలుగు, నాలుగు. మ్యాథ్స్ సార్‌కి మాత్రం వరసగా రెండు. ఎందుకంటే ఆ వారం లేటుగా వచ్చినానని ఆయన నన్ను బయట నిలబెట్టినాడు. అంతే కారణం.

తర్వాతి ఏడాది ఆ సార్ రాలేదు. ఆయనది కాంట్రాక్ట్ ఉద్యోగం. ఫీడ్‌బ్యాక్ తక్కువ వచ్చిందని రెన్యువల్ చేయలేదని పిల్లోళ్లు అనుకున్నారు. నిజమో కాదో నాకు తెలీదు. కానీ మూడో ఏడాదిలో ఒక పోటీ పరీక్షకి చదవడానికి కూర్చుంటే, నాకు అర్థమైన ఒకే ఒక్క నోట్సు ఆయనది. ఆ రోజు నుంచి ఆ రెండులు నన్ను వదిలిపెట్టలేదు.

సరే, నా కథ పక్కన పెడదాం. దేశంలో ఈ లెక్క ఎట్లా వచ్చిందో చూద్దాం. 2010లో యూజీసీ ఒక పద్ధతి తెచ్చింది. పేరు ఏపీఐ. మొబైల్ యాప్‌లలో ఉండే ఏపీఐ కాదు, టీచర్ పనితీరుకి ఇచ్చే స్కోరు. అందులో మూడు భాగాలు. ఒకటి పాఠాలు, పరీక్షల పని. రెండు ఎన్ఎస్ఎస్ లాంటి కార్యక్రమాలు. మూడు పరిశోధన. ప్రమోషన్ కావాలంటే ఇన్ని పాయింట్లు ఉండాలి అన్నారు. మంచి జర్నల్‌లో పేపర్ వస్తే 15 పాయింట్లు. నిపుణులు పరిశీలించకపోయినా ఐఎస్ఎస్ఎన్ నంబరున్న జర్నల్‌లో వస్తే 10.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. పదికీ పదిహేనుకీ తేడా ఎంత? ఐదే. మంచి పేపర్‌కి రెండేళ్లు పడుతుంది. డబ్బు కడితే వేసేసే జర్నల్‌లో రెండు వారాలు చాలు. మీరైతే ఏం చేస్తారు? అదే జరిగింది. దుకాణాల్లాగా జర్నళ్లు పుట్టుకొచ్చినాయి. యూజీసీ 2017లో ఆమోదించిన జర్నళ్ల లిస్టు ఇచ్చింది. 2018 మేలో ఆ లిస్టులోంచే 4,305 జర్నళ్లను తీసేసింది. ఆలోచించండి, తానే ఒప్పుకున్న లిస్టులోంచి!

మన భాషలో చెప్తా. మా నాయన టమోటా వేస్తాడు. మదనపల్లె మార్కెట్‌కి బాక్సులు పోతాయి. కొనేవాడు పైవరస చూసి రేటు పెడతాడనుకోండి, రైతు ఏం చేస్తాడు? మంచి కాయ పైన పేరుస్తాడు. రైతు మోసగాడని కాదు, చూసేవాడు అక్కడే చూస్తున్నాడు గనుక. చార్లెస్ గుడ్‌హార్ట్ అని బ్రిటన్ ఆర్థికవేత్త 1975లో చెప్పింది కూడా ఇంచుమించు ఇదే. ఒక కొలతని పట్టుకుని జనాన్ని అదుపు చేయాలని చూస్తే, ఆ కొలత పనికిరాకుండా పోతుంది.

2018 జూలైలో యూజీసీ కొత్త నిబంధనలు తెచ్చింది. కాలేజీ టీచర్లకి పాత పాయింట్ల లెక్క తీసేసి, కొంచెం సులువు చేసింది. మీకు ఇచ్చిన క్లాసుల్లో 80 శాతం, ఆపైన తీసుకుంటే 'గుడ్'. 70 నుంచి 80 మధ్య అయితే 'సంతృప్తికరం'. అంతకన్నా తక్కువైతే కాదు. దీంతో పాటు పరీక్షల పని, ఇతర కార్యక్రమాలు కూడా చూస్తారు. క్లాసుకి రావడం ముఖ్యమే, కాదనను. కానీ వచ్చి ఏం చేసినాడన్నది ఆ శాతంలో కనపడదు కదా.

ఇంజనీరింగ్ కాలేజీలకి ఏఐసీటీఈ 2019లో ఇంకో పద్ధతి చెప్పింది. 360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్. మొత్తం 100 పాయింట్లు. బోధనకి 25, విద్యార్థుల ఫీడ్‌బ్యాక్‌కి 25, డిపార్ట్‌మెంట్ పనులకి 20, కాలేజీ పనులు, పైవాళ్ల రిపోర్టు, సమాజ సేవ, వీటికి పది పది. అంటే నాలుగో వంతు మన చేతిలో ఉంది. బస్సులో రాడ్ పట్టుకుని నింపే మన చేతిలో!

మరి మన మార్కులు నమ్మొచ్చా? రెండు పరిశోధనలు చెప్తా. ఒకటి, అమెరికా ఎయిర్ ఫోర్స్ అకాడమీలోది, 2010లో అచ్చయింది. అక్కడ పిల్లలకి ఏ టీచర్ వస్తాడో వాళ్ల చేతిలో ఉండదు, లాటరీలాగా పడుతుంది. పరీక్ష అందరికీ ఒకటే. పది వేలకు పైగా విద్యార్థుల లెక్క చూశారు. అనుభవం తక్కువున్న టీచర్ల దగ్గర చదివినవాళ్లకి ఆ కోర్సులో మార్కులు బాగా వచ్చినాయి, ఆ టీచర్లకి వాళ్లిచ్చిన రేటింగూ ఎక్కువే. కానీ దాని తర్వాత వచ్చే పై కోర్సులో బాగా చేసింది ఎవరు? అనుభవమున్న టీచర్ల దగ్గర చదివినవాళ్లు. అంటే ఈ రోజు చేదుగా ఉన్న పాఠం తర్వాత పనికొచ్చింది. నా మ్యాథ్స్ సార్ గుర్తొచ్చాడా?

రెండోది 2015లో అచ్చయింది, నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీది. చిన్న పరిశోధనే. ఆన్‌లైన్ కోర్సు, మొహాలు కనపడవు. ఒక మగ టీచర్, ఒక ఆడ టీచర్. ఇద్దరూ ఒక గ్రూపుకి సొంత పేరుతో, ఇంకో గ్రూపుకి అవతలివాళ్ల పేరుతో చెప్పారు. మగ పేరున్నప్పుడే రేటింగ్ ఎక్కువ వచ్చింది. పేపర్లు అందరికీ ఒకే టైంకి తిరిగిచ్చినా, 'తొందరగా ఇచ్చారా' అన్న ప్రశ్నలో కూడా ఆడ పేరుకి తక్కువే వేశారు. మన క్లాసులో మేడమ్‌లకి మనం వేసే మార్కుల్ని ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

ఇప్పుడు మన మదనపల్లె ముచ్చట ఒకటి. అనీబిసెంట్ పెట్టిన బీటీ కాలేజీ 1915 నుంచి ఉంది. 1919 ఫిబ్రవరిలో టాగూర్ అక్కడికొచ్చి ఉన్నారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్, ఐర్లండ్ కవి. టాగూర్ అక్కడ జనగణమన పాడారు, ఇంగ్లీషులోకి కూడా అక్కడే మార్చారు. కజిన్స్ భార్య మార్గరెట్ ఆ పాటకి స్వరాలు రాసిపెట్టారు. ఇవాళ దేశమంతా చెప్పుకుంటున్నాం. మరి ఆ సాయంత్రానికి మన ఫారంలో ఎన్ని పాయింట్లు? ఏ కాలమ్‌లో రాస్తారు? ఒక కాలేజీ చేసిన గొప్ప పని ఆ ఏడాది లెక్కలో పట్టకపోవచ్చు.

అయితే కొలవడమే వద్దా? నేను అట్లా అనను. క్లాసుకి రాని సార్‌ని అడిగేవాడు లేకపోతే నష్టపోయేది ఎవరు? ట్యూషన్‌కి డబ్బుల్లేని మన ఊరి పిల్లలే. కొలవాల్సిందే. కానీ పైవరస ఒకటే చూడకూడదు, బాక్సు తిరగేసి చూడాల.

ఎట్లా అంటే, ఒకటి, పిల్లోడు ఎక్కడ మొదలయ్యాడో చూడాలి. మంచి ర్యాంకుతో వచ్చినవాణ్ణి పాస్ చేయించడం వేరు, ఇంగ్లీషు పుస్తకం తెరవడానికే భయపడేవాణ్ణి పాస్ చేయించడం వేరు. రెండు, అదే సబ్జెక్టు తెలిసిన ఇంకో లెక్చరర్ వెనక బెంచీలో కూర్చుని పాఠం వినాలి. మూడు, చదువైపోయి రెండేళ్లైన పాత విద్యార్థుల్ని అడగాలి. నాలుగు, టీచర్ చేత ఏ పని చేయిస్తున్నారో కూడా చూడాలి. అడ్మిషన్ల సీజన్‌లో ఇంటింటికీ తిరిగే లెక్చరర్లను మీరూ చూసే ఉంటారు. ఆ టైం పాఠంలోంచే కదా పోయేది? ఐదు, టీచర్ బాగుపడటానికి అడిగే ఫీడ్‌బ్యాక్ వేరు, ఉద్యోగం తీయడానికి వాడే లెక్క వేరు. ఒకే ఫారంతో రెండు పనులూ చేయకూడదు.

ఇవన్నీ పైవాళ్లు చేయాల్సినవి. మనం చేయగలిగింది ఒకటుంది. ఈసారి లింక్ వచ్చినప్పుడు బస్సులో నింపొద్దు. ఇంటికి పోయి, కూర్చుని నింపండి. మీరు కళ్లతో చూసినదానికే మార్కు వేయండి. టైంకి వచ్చారా, సిలబస్ అయిందా, డౌట్ అడిగితే చెప్పారా, పేపర్లు దిద్ది తిరిగిచ్చారా. సబ్జెక్టు ఎంత తెలుసో తేల్చేంత మనకింకా తెలీదు. కింద రాసే చోటుంటే ఖాళీగా వదలొద్దు, 'ఫలానా చాప్టర్ ఇంకోసారి చెప్తే బాగుండేది' అని ఒక్క మాట రాయండి. నాలుగు అనే అంకె కన్నా ఆ మాట సార్‌కి ఎక్కువ పనికొస్తుంది. కోపంగా ఉన్న రోజు మాత్రం అస్సలు నింపొద్దు.

ఆ మ్యాథ్స్ సార్ ఇప్పుడు ఎక్కడున్నారో నాకు తెలీదు. ఎక్కడో ఒక చోట పాఠం చెప్తూనే ఉంటారని ఆశ. సార్, ఈ వీడియో మీ దాకా వస్తే, ఆ రెండులు నావే. లేటుగా వచ్చినవాణ్ణి నేను, మార్కు తగ్గింది మీకు. క్షమించండి.