తల్లికి నీడ - చేతికి పని
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



హరిశ్చంద్ర నాటకమును చూడని పల్లె యుండదు. కాటిసీనున కన్నీరు పెట్టనివారును ఉండరు. కాని యా సీనునకు ముందు జరిగినదానిని తలపోయువారు తక్కువ. చంద్రమతికి తలదాచుకొన ఇల్లు లేకపోలేదు. కాలకౌశికుని ఇల్లు కలదు. చేయుటకు పని లేకపోలేదు. ఆ యింటి చాకిరి యంతయు నామెదే. అయినను లోహితాస్యుడు పాముకాటునకు బలియయ్యెను. ఏలయనగా, ఆ నీడ యామెది కాదు. ఆ చాకిరికి కూలి లేదు. తల్లి పనిలో నుండగా బిడ్డను కనిపెట్టువారు లేరు.

దమయంతి కథ వేరు. ఆమె కష్టము ముంచుకొని రాకమునుపే బిడ్డల నిద్దరిని విదర్భకు, పుట్టినింటికి పంపెను. పిదప ఒంటరియై చేదినగరము చేరి సైరంధ్రిగా కుదురునపుడు, ఎంగిలి తిననని, ఒకరి పాదములు కడుగనని, పరపురుషులతో మాటలాడనని నియమములు చెప్పి మరీ కుదిరెను. రాజమాత వాని నన్నిటిని అంగీకరించెను. ఆశ్రయ మిచ్చుటకును, చాకిరికి కొనుటకును గల భేద మిదియే.

ఇల్లు కోల్పోయిన తల్లికి మూడు కావలెను: ఆమె పేరిట నిలుచు గూడు, కూలి దక్కు పని, పనివేళ బిడ్డకు కాపు. వీనిలో నొకటి లోపించిన మిగిలిన రెండును నిలువవు.

నెల్లూరు తీరవాసులకు ఇల్లు పోవుట యనగా నేమో తెలియును. 1989 నవంబరు తుపానును, 2004 డిసెంబరు 26వ తేదీ సునామీని మరచినవారు లేరు. సముద్రము తీసికొనిన ఇండ్లను సర్కారు లెక్కించును, ఊరు జాలిపడును. కాని భర్త మరణము వలనను, విడనాడుట వలనను, సారాయి వలనను, అప్పుల వలనను ఇల్లు పోయిన తల్లుల లెక్క ఏ చిఠ్ఠాకును ఎక్కదు. అట్టి తల్లి పుట్టినింటి వసారాలోనో, ఒకరి దొడ్డి చివర తాటాకుపాకలోనో బిడ్డలతో కాలము గడుపును. ఉప్పు కొటారులలో తట్ట మోయును, వరినాట్లకు పోవును, ఎండుచేపలు గంపకెత్తి ఊరూర నమ్మును. కష్టపడనిది కాదు. కాని దొడ్డి గలవాడు పొమ్మన్ననాడు చిరునామాయు, పిల్లవాని బడియు, వాడుకబేరమును ఒక్క పూటలో పోవును. ఏండ్ల తరబడి కూడబెట్టిన జమ ఒక్కనాటి ఖర్చులో కొట్టుకొనిపోవును. మరియొకచోట అద్దె కడిగినచో, మగదిక్కు లేని సంసారమని తలుపు వేయుదురు. ఇది సముద్రము చేసిన పని కాదు. ఊరు చేసిన పని.

ఈ కార్యమునకు దారి చూపిన మహనీయులు ఈ జిల్లాయందే కలరు. పొణకా కనకమ్మగారు పొట్లపూడిలో వివేకానంద గ్రంథాలయమును నెలకొల్పిరి. ఆ గ్రంథాలయము నడపిన చేతులే 1923లో నెల్లూరున కస్తూరిదేవి విద్యాలయమును నిలిపినవి. స్త్రీలకు చదువుతోపాటు చేతిపనులు నేర్పు ప్రయత్నమును చేసినవి. గుంటూరున ఉన్నవ దంపతులు 1922లో శారదా నికేతనమును స్థాపించిరి. దుర్గాబాయమ్మగారు 1937లో మద్రాసున ఆంధ్ర మహిళాసభను స్థాపించిరి. వారు అధ్యక్షురాలుగా నుండిన కేంద్ర సంఘసంక్షేమ మండలి 1958లో, చిన్ననాట బడి మానిన స్త్రీలు రెండేండ్లలో పరీక్షకు సిద్ధమగు సంగ్రహ విద్యాక్రమమును ప్రారంభించెను. భర్తను కోల్పోయినవారును, విడువబడినవారును అట్లు చదివి ఉపాధ్యాయినులుగను, నర్సులుగను, గ్రామసేవికలుగను కుదురుకొనుటకు వీలు కలిగెను. అన్నము పెట్టి పంపుటతో వారు తృప్తిపడలేదు.

అటుపిమ్మట 1990 దశకము తొలినాళ్లలో, ఈ జిల్లాలోని దూబగుంట స్త్రీలు రాత్రిబడిలో అక్షరములు నేర్చి, సారాయి వలన చెడిన సంసారముల పాఠమును చదివి, దుకాణము మూయించిరి. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతట సారాయి నిషేధింపబడెను. దినమునకు రూపాయి చొప్పున కూడబెట్టు పొదుపులక్ష్మి ఉద్యమము ఈ జిల్లాలో ఆ వెంటనే పెరిగెను. చదువు కూలిడబ్బునకు కావలి కాసినది.

చట్టములును వచ్చినవి. 2005 నాటి గృహహింస నిరోధక చట్టము ప్రకారము, కాపురమున్న ఇంటిపై తన పేరిట పత్రము లేకున్నను స్త్రీకి అందు నివసించు హక్కు కలదు. చట్టవిధానమున దప్ప ఆమెను వెడలగొట్టరాదు. ఆ యేటనే వచ్చిన గ్రామీణ ఉపాధి హామీ చట్టములో, పనిచోటికి ఆరేండ్లలోపు పిల్లలు ఐదుగురు గాని అంతకు మించి గాని వచ్చినచో, వారిని చూచుకొనుటకు ఒక స్త్రీని నియమింపవలెనని వ్రాసిరి. లోహితాస్యుని కథ తెలిసినవారే వ్రాసిరేమో యనిపించును. కాని చట్టము తనంత తాను పాకకు నడచి రాదు. చదివి చెప్పువారు కావలెను.

ఆ పనియే గ్రంథాలయమునకు తగిన పని. వారమునకొక సాయంకాలము అక్షరజ్ఞులొకరు పఠనమందిరమున కూర్చుండి, ఇంటిస్థలమునకు, పింఛనుకు, రేషను కార్డునకు అర్జీలు ఉచితముగ వ్రాయవచ్చును. వ్రాసినదానిని ఆమెకు చదివి వినిపించి, తెలిసినదనిన తరువాతనే వేలిముద్ర వేయింపవలెను. ఇంటిపట్టా తల్లి పేరిటనే యుండునట్లు పెద్దలు పట్టుపట్టవలెను. ఆపదలో నున్న స్త్రీలు పిలువదగిన 181 సంఖ్యను తలుపుపై పెద్దయక్షరములతో వ్రాయవలెను. తల్లులు కొటారులనుండి వచ్చువరకు పిల్లలు బొమ్మల పుస్తకములు చూచుచు ఇచ్చటనే యుండవచ్చును. అన్నిటికిని మించి, సాయము చేయువారు తాము తోచిన పని చూపుటకు ముందు, ఆమె కేమి చేతనగునో, ఏ నియమములతో చేయదలచినదో అడుగవలెను. చేదిరాజమాత అట్టి నియమములనే అంగీకరించినది.

ఇరువదియైదేండ్లు పుస్తకములను చెదలనుండి కాపాడిన గ్రంథాలయమిది. ఇకముందు ఊరిలో గూడులేని తల్లి యొక్కతెయు అర్జీ వ్రాయువారు లేక వెనుదిరుగకుండునట్లు చూచినచో, ఈ రజతోత్సవము సార్థకమగును.

స్వస్తి.